పాములంటే ఇష్టమా? ఆ డబ్బా పక్కన పెట్టండి

ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. అమెరికాలో మీ వయసు కుర్రాడు గాజు పెట్టె మూత తీసి, నలుపు తెలుపు పట్టీలున్న కింగ్ స్నేక్‌ని చేతికి చుట్టుకుంటాడు. ఫ్రీజర్లోంచి తీసి వేణ్నీళ్లలో కరిగించిన ఎలుకను పట్టకారుతో అందిస్తే అది చుట్టేసి మింగుతుంది. లక్షల్లో లైకులు. అదే వారం మీ హాస్టల్ వెనక ముళ్లకంపలో ఓ పొడుగాటి పాము కనిపిస్తుంది. 'జెర్రిపోతేలే, విషం ఉండదు' అంటాడు పక్క రూమ్ వాడు. ఖాళీ అక్వేరియం ఒకటి ఎలాగూ అటక మీద ఉంది. 'పట్టుకొచ్చేద్దాం రా మచ్చా!'

తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఇది కొత్త కథేం కాదు. శేషాచలం అడుగున కాలేజీలు, మామిడి తోటల మధ్య ఊళ్లు. వాన పడిందంటే కప్పలొస్తాయి, కప్పల వెనకే పాములొస్తాయి. పాముని చూసి పారిపోకుండా దగ్గరికెళ్లి చూడాలనిపించడం మంచిదే. పట్టుకొచ్చి పెంచాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

పట్టినా వేటే

వేట అనగానే మనకు తుపాకీ గుర్తొస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లెక్క వేరు. చంపడమే కాదు.. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, పాము గుడ్లు తీయడం కూడా వేటే. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. మొదటి షెడ్యూలులో ఎప్పట్నుంచో ఉన్న కొండచిలువకు తోడు ఇప్పుడు నాగుపాము, రక్తపింజర, మన జెర్రిపోతు కూడా చేరాయి. ఈ షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు, ఏడేళ్ల దాకా పెరగొచ్చు. జరిమానా రూ.25 వేలకు తగ్గదు. అంటే పొలం గట్టు మీద రోజూ కనిపించే జెర్రిపోతుకీ పులికీ ఒకటే షెడ్యూలు! గ్రూప్స్‌కో కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుతున్నవాళ్లు ఇలాంటి కేసు మీద పడితే పోలీసు వెరిఫికేషన్ రోజున ఏం చెప్పుకుంటారో ఆలోచించండి. పాముతో తీసుకున్న రీలే సాక్ష్యంగా పనికొస్తుంది.

ప్రాణం కాపాడుకోవడానికి తప్పనిసరై పాముని చంపితే చట్టం నేరంగా చూడదు. సరదాకి పట్టడాన్ని మాత్రం క్షమించదు.

మరి అమెరికా వాడికెలా కుదిరింది? అక్కడా ఇష్టారాజ్యం ఏమీ లేదు. రాష్ట్రానికో రూలు. అరిజోనాలో వేట లైసెన్సు తీసుకుని పరిమిత సంఖ్యలో పట్టుకోవచ్చు. మనవాళ్లు చాలామంది ఉండే అట్లాంటా వైపు, అంటే జార్జియాలో, విషంలేని స్థానిక పాముని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. వీడియోల్లో కనిపించేవి చాలావరకు తరతరాలుగా పెట్టెల్లోనే పుట్టి పెరిగినవి. అవి బయటపడితే ఏమవుతుందో స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో తెలిసొచ్చింది. పెంపకం నుంచి తప్పించుకున్న కాలిఫోర్నియా కింగ్ స్నేకులు అక్కడ తప్ప ఇంకెక్కడా లేని పెద్ద బల్లుల్ని తినేస్తున్నాయి. అవి పెరిగిన చోట బల్లి కనిపించడమే గగనమైంది. మన తిరుమల కొండరాళ్లలో బంగారు బల్లి ఉంది కదా, దానికి అలాంటి గతి పడితే?

'విదేశీ పామైతే ఓకే కదా అన్నా' అని ఇన్‌స్టాలో బాల్ పైథాన్ బేరానికి దిగేవాళ్లూ ఉన్నారు. అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న ఇలాంటి జంతువుల్ని పెంచాలంటే పరివేష్ పోర్టల్లో నమోదు చేయాల్సిందేనని 2024లో నిబంధనలు వచ్చాయి. చెన్నై విమానాశ్రయంలో సూట్‌కేసుల్లో కుక్కిన పాము పిల్లలు పట్టుబడటం తరచూ వింటున్నదే. కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర కొంటే ఆ సూట్‌కేసులో వాటా మీదీ అయినట్టే.

తిండి పెట్టడం అంత సులువా?

చట్టం సంగతి కాసేపు వదిలేద్దాం. జెర్రిపోతు ఆరేడడుగులు పెరుగుతుంది. పగలంతా తిరుగుతుంది, పరిగెడుతుంది, చెట్లెక్కుతుంది. దాన్ని రెండడుగుల గాజు తొట్టిలో వేస్తే అద్దానికి ముక్కు కొట్టుకుని పుండు చేసుకుంటుంది. నోటికి చీము పడుతుంది. చచ్చిన ఎలుకను ముట్టకపోవచ్చు. బతికున్న ఎలుకను వేస్తే, అది తిరగబడి పామునే కొరకొచ్చు. రోజుల తరబడి తినకుండా ఉండగలదు కాబట్టి 'బాగానే ఉందిలే' అనుకుంటాం. అది బాగుండటం కాదు, మెల్లగా చావడం. పాలు పోస్తే తాగుతుందనుకోకండి. పాలు దానికి అరగవు. ఆడించేవాళ్ల బుట్టలో పాము పాలు తాగిందంటే రోజుల తరబడి నీళ్లు లేక నోరెండిందని అర్థం.

ఇంకో మాట. విషం లేనిదని మీకెవరు చెప్పారు? గోడలెక్కే వుల్ఫ్ స్నేక్‌కీ కట్లపాముకీ తేడా టార్చి వెలుగులో పెద్దవాళ్లే పోల్చుకోలేరు. రక్తపింజర పిల్లను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

'రెండు తలల పాము' బేరాల జోలికైతే అసలు పోవద్దు. దానికి తలలు రెండు కాదు, తోక మొద్దుగా ఉంటుందంతే. మట్టిలో దూరి ఎలుకల్ని తినే అమాయకపు పాము. కోట్లు పలుకుతుందన్నది మోసగాళ్లు పుట్టించిన మాట. మూడు రాష్ట్రాల కూడలి కావడంతో చిత్తూరు వైపు మధ్యవర్తులకు కొదవ లేదు. వాళ్లు జారుకున్నా సంచీ మోసిన కుర్రాడు దొరికిపోతాడు.

ఇష్టాన్ని ఇటు తిప్పండి

తిరుపతి నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగలిగిన చోటు ఒకటుంది. చెన్నై - మహాబలిపురం దారిలో వడనెమ్మేలి. పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి వీధిన పడ్డ ఇరుళ కుటుంబాలు 1978లో అక్కడ సహకార సంఘం పెట్టుకున్నాయి. అటవీశాఖ అనుమతితో నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, కొన్నిసార్లు విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. ఆ సమాజానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బడి చదువు లేకుండా తాతల దగ్గర నేర్చుకున్న విద్య అది! మన యానాదుల్లోనూ ఇలాంటి విద్య ఉంది. దానికి గుర్తింపు, కూలి రెండూ తక్కువే. అది వేరే కథ.

చదువు దారిలో వెళ్లేవాళ్లకు ఊళ్లోనే మొదలుపెట్టే వీలుంది. ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ చదవొచ్చు. వన్యప్రాణుల వైద్యం వైపు వెళ్లాలంటే ఇక్కడి పశువైద్య విశ్వవిద్యాలయంలో బీవీఎస్సీ. తర్వాత డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. చేతిలో పని త్వరగా కావాలంటే ఏపీపీఎస్సీ భర్తీ చేసే అటవీ బీట్ ఆఫీసర్ పోస్టుకు ఇంటర్ చాలు. రేంజ్ ఆఫీసర్‌కు డిగ్రీ కావాలి. ఒక్క మాట నిజం చెప్పాలి. పరిశోధన వైపు మొదటి నాలుగైదేళ్లు ప్రాజెక్టు జీతాలే, డబ్బు పెద్దగా ఉండదు. ఇంట్లో ముందే చెప్పి ఒప్పించండి.

పాముల్ని పట్టి వదిలే వాలంటీరు కావాలన్నా అనుమతి అటవీశాఖ నుంచే రావాలి. కేరళలో అటవీశాఖే యువతకు శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, 'సర్ప' యాప్‌తో పిలిపిస్తోంది. యూట్యూబ్ చూసి కొక్కెం కర్ర కొనేవాళ్లు ఎక్కువవుతున్న రోజుల్లో అలాంటిది ప్రతి రాష్ట్రంలోనూ ఉండాల్సిందే.

అంతదాకా, మళ్లీ ముళ్లకంపలో పాము కనిపిస్తే నాలుగు మీటర్ల దూరంలో నిలబడండి. ఫోన్ జూమ్ చేసి ఫొటో తీయండి. ఐనాచురలిస్ట్‌లో పెడితే అది ఏ పామో తెలిసినవాళ్లు చెబుతారు. మీరు పెట్టిన చోటు, తేదీ పరిశోధనకూ పనికొస్తాయి. గదిలోకే వస్తే తలుపు మూసి కింద సందులో గుడ్డ కుక్కి, వార్డెన్‌కీ అటవీశాఖకీ చెప్పండి. కాటు పడితే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, పాము కోసం వెతకొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి 108కి ఫోన్ చేయండి. ఏఎస్‌వీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని చెప్పండి. మీ కాలేజీకి దగ్గర్లో అది ఎక్కడ దొరుకుతుందో ఈ వారమే కనుక్కుని హాస్టల్ నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి.