అలల అంచున ఆట: పెబుల్ బీచ్‌లో అడుగడుగునా పరీక్షే

ఎదురుగా పసిఫిక్ మహాసముద్రం. పక్కనే నిట్టనిలువు కొండచరియ. చేతిలో కర్ర, నేలమీద చిన్న తెల్లని బంతి. దూరాన గాలికి రెపరెపలాడే జెండా. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పెబుల్ బీచ్ గోల్ఫ్ మైదానానికి వెళ్లిన ఆటగాడు మొట్టమొదట చేసే పని ఆ దృశ్యాన్ని కళ్లారా చూడటం. రెండో పని, చాలాసార్లు, బంతిని సముద్రం పాలు చేయడం.

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా సుమారు 120 మైళ్ల దూరంలో, మాంటెరే ద్వీపకల్పంలో ఉన్న ఈ మైదానం 1919లో ప్రారంభమైంది. జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ అనే ఇద్దరు దీనికి రూపకల్పన చేశారు. ఒడ్డు వెంట వీలైనన్ని హోల్స్ రావాలన్నది వారి పట్టుదల. మొత్తం 18 హోల్స్‌లో తొమ్మిది సముద్రాన్ని ఆనుకునే సాగుతాయి. ఈ మైదానం సభ్యులకే పరిమితం కాదు. రుసుము చెల్లించిన వారెవరైనా ఆడవచ్చు. అయితే ఆ రుసుము ఒక్క ఆటకు 600 డాలర్లకు పైమాటే!

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేసినవాడిదే గెలుపు. గుంట ఉండే నున్నని పచ్చికను గ్రీన్ అంటారు. ఒక్కో హోల్‌ను ఇన్ని దెబ్బల్లో ముగించాలన్న లెక్కను పార్ అంటారు. అంతకంటే ఒక దెబ్బ తగ్గితే బర్డీ. పెబుల్ బీచ్ పొడవు సుమారు 6,800 గజాలు. నేటి పెద్ద మైదానాలతో పోలిస్తే ఇది తక్కువే. కాని ఇక్కడి గ్రీన్లు మరీ చిన్నవి. సగటున 3,500 చదరపు అడుగులు మాత్రమే. వాటిలో చాలావరకు వెనుక నుంచి ముందుకు వాలి ఉంటాయి. జెండా దాటి పడిన బంతిని మళ్లీ పల్లానికి కొట్టాలి. చెయ్యి కాస్త బరువైతే అది ఆగకుండా దొర్లిపోతుంది.

అందుకే అనుభవజ్ఞులు ఇక్కడ బంతి ఎక్కడ పడాలన్న దానికంటే, గురి తప్పితే ఎక్కడ పడినా ఫరవాలేదన్న సంగతి ముందు ఆలోచిస్తారు. జెండాకు దిగువన, సముద్రానికి ఎడంగా... స్థూలంగా ఈ మైదానంలో బతికి బయటపడే సూత్రం ఇదే.

నూరు గజాల నాటకం

ఏడో హోల్ పొడవు నిండా 110 గజాలు లేదు. టీ నుంచి గ్రీన్ కిందికి, అరచేతి వెడల్పున కనిపిస్తుంది. దాని చుట్టూ ఇసుక గుంటలు, ఆపైన సముద్రం. గాలి లేని రోజున కొత్తవాడు సైతం చిన్న కర్రతో బంతిని గ్రీన్ మీద వేయగలడు. గాలి లేచిందా, కథ మారిపోతుంది. శామ్ స్నీడ్ అంతటి మేటి ఆటగాడు ఒకసారి ఎదురుగాలికి జడిసి, బంతిని గాలిలోకి లేపకుండా నేలమీదే కిందికి దొర్లించాడని చెప్పుకుంటారు.

1992 యు.ఎస్. ఓపెన్ చివరి రోజున గాలి చెలరేగింది. ఈ కాస్త దూరానికి టామ్ కైట్ ఆరో నెంబరు ఇనుప కర్ర తీయవలసి వచ్చింది. మామూలు రోజున అది 150 గజాలకు పైబడి కొట్టే కర్ర. అయినా బంతి గ్రీన్‌కు ఎడమవైపు పడింది. అక్కడి నుంచి కైట్ మెల్లగా లేపిన బంతి నేరుగా గుంటలోకి పోయింది. చివరికి టైటిల్ అతనిదే. గాలి వీచే రోజున ఎత్తుగా కొట్టడం కాదు, పెద్ద కర్రతో పొట్టిగా, కిందుగా కొట్టడం ఏడో హోల్ నేర్పే పాఠం.

అగాధం మీదుగా రెండో దెబ్బ

ఎనిమిదో హోల్‌లో మొదటి దెబ్బ చాలా పొడవు పోతే ప్రమాదం. సుమారు 240 గజాలు దాటితే పచ్చిక ఉన్నట్టుండి ఆగిపోయి కొండచరియ మొదలవుతుంది. కాబట్టి బలమున్నవాడు కూడా డ్రైవర్‌ను సంచీలోనే ఉంచి చిన్న కర్ర తీస్తాడు. రెండో దెబ్బ అగాధం మీదుగా కొట్టాలి. అవతల ఉన్నది చిన్న గ్రీన్. గోల్ఫ్ మొత్తంలో తనకు అత్యంత ఇష్టమైన రెండో దెబ్బ ఇదేనని జాక్ నిక్లాస్ చెబుతాడు. అంత ధైర్యం చాలనివారికి ఎడమవైపు నుంచి అగాధాన్ని చుట్టివచ్చే దారి ఉంది. ఒక దెబ్బ ఎక్కువవుతుంది. కాని బంతి మిగులుతుంది.

తొమ్మిది, పది హోల్స్‌లో నేలే సముద్రంవైపు వాలి ఉంటుంది. నడిమధ్యన పడ్డ బంతి కూడా కుడివైపు ఒడ్డుకేసి జారుతుంది. ఎడమకు గురిపెట్టినవాడికే మధ్య దారి దక్కుతుంది.

పామర్‌ను ఓడించిన చెట్టు

సముద్రం లేనిచోట ఆశ ఉంటుంది. పద్నాలుగో హోల్ ఒడ్డుకు దూరంగా ఉన్న పార్ 5. తెలివైనవారు మూడు దెబ్బల్లోనే గ్రీన్ చేరాలనుకుంటారు. 1967లో బింగ్ క్రాస్బీ పేరిట జరిగిన పోటీలో ఆర్నాల్డ్ పామర్ రెండు దెబ్బల్లోనే చేరబోయాడు. బంతి చెట్టుకు తగిలి హద్దు దాటిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే చెట్టు! ఆ ఒక్క హోల్‌కు తొమ్మిది దెబ్బలయ్యాయి. గెలుపు నిక్లాస్‌కు దక్కింది. ఆ రాత్రి వచ్చిన గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది. పామర్‌కు ఒక్కరోజు ఆలస్యం!

ఆఖరి పరీక్ష

18వ హోల్ పొడవు 543 గజాలు. ఎడమవైపు మొదటినుంచి చివరిదాకా సముద్రమే. కుడికి తప్పుకుంటే చెట్లు, హద్దు గీత. 1984లో హేల్ ఇర్విన్ కొట్టిన బంతి ఒడ్డు రాళ్లమీద పడి, అదృష్టవశాత్తు ఎగిరి తిరిగి మైదానంలోకి వచ్చింది. అతను బర్డీ చేసి, టైబ్రేక్‌లో ఆ పోటీ గెలిచాడు. ఆ అదృష్టం అందరికీ పట్టదు. 2000 యు.ఎస్. ఓపెన్‌ను 15 దెబ్బల తేడాతో గెలిచిన టైగర్ వుడ్స్ సైతం ఈ హోల్‌లో ఒక బంతిని సముద్రానికి సమర్పించుకున్నాడు.

ఈ మైదానంలో ఆశకు, నిదానానికి ఉన్న తేడాను 1982 యు.ఎస్. ఓపెన్ చూపినంతగా మరేదీ చూపలేదు. అప్పటికి నిక్లాస్ తన ఆట ముగించి కూర్చున్నాడు. టామ్ వాట్సన్ అతనితో సమానంగా 17వ హోల్‌కు వచ్చాడు. అతను కొట్టిన బంతి గ్రీన్‌కు ఎడమన దట్టమైన గడ్డిలో పడింది. జెండా దగ్గరే ఉన్నా, నేల పల్లం. పోగూడని చోటికే పోయిందన్నమాట. నిక్లాస్ గెలిచినట్టేనని చాలామంది అనుకున్నారు. వాట్సన్ బంతిని సుతారంగా లేపాడు. అది దొర్లుతూ పోయి జెండా కర్రకు తగిలి గుంటలో పడింది.

అందరూ చెప్పుకునేది ఆ దెబ్బ గురించే. కాని ఆ తరువాత జరిగింది అంతకన్నా గమనించదగినది. ఒక దెబ్బ ఆధిక్యంతో 18వ హోల్‌కు వచ్చిన వాట్సన్ డ్రైవర్ తీయలేదు. మొదట మూడో నెంబరు వుడ్, తరువాత ఏడో నెంబరు ఇనుప కర్ర, ఆ తరువాత తొమ్మిదో నెంబరు కర్ర వాడాడు. మూడు నిదానపు దెబ్బలతో గ్రీన్ చేరి, అక్కడ బర్డీ కూడా చేసి, రెండు దెబ్బల తేడాతో టైటిల్ గెలిచాడు. 2010లో ఇదే హోల్‌లో గ్రేమ్ మెక్‌డోవెల్‌కు పార్ చేస్తే చాలు. అతనూ రెండో దెబ్బకు గ్రీన్ చేరబోలేదు. సురక్షితమైన చోట బంతిని ఆపి, పార్‌తో గెలిచి బయటపడ్డాడు.

సముద్రపు గాలి మన ఆటగాళ్లకూ కొత్త కాదు. విశాఖపట్నంలో కడలికి చేరువగా ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. అక్కడి హోల్స్ వేరు, కొలతలు వేరు. కాని ఏ కర్ర తీయాలో గాలిని బట్టి తేల్చుకోవాలన్న నియమం ఏ తీరంలోనైనా ఒకటే. ఎక్కడ తెగించాలో, ఎక్కడ తగ్గాలో తెలిసినవాడికే పెబుల్ బీచ్ లొంగుతుంది. మిగిలినవారి బంతులు అలల కింద రాళ్లలో పడి ఉంటాయి.