కోల్‌కతా వీథులలో పలకలు చెప్పేవి, చెప్పనివి

ఉద్యోగరీత్యా కోల్‌కతాకు వెళ్ళివచ్చే మన సిబ్బంది సంఖ్య తక్కువేమీ కాదు. హౌరా స్టేషనులో దిగి, వంతెన దాటి, కార్యాలయపు పని చక్కబెట్టుకొని, సాయంత్రం బండికి రసగుల్లాల డబ్బాతో తిరిగి వచ్చేవారే వారిలో అధికం. పని ముగిసిన పిదప రెండు మూడు గంటల తీరిక చిక్కినవారికి ఆ మహానగరంలో ఖర్చులేని వినోదం ఒకటి ఉన్నది. గోడల మీద, గుమ్మాల మీద, సమాధుల మీద, బస్సుల లోపల వ్రాసి ఉన్న అక్షరాలను చదువుకుంటూ కాలినడకన తిరగడమే అది. మేము కొందరం పలుమార్లు అలా తిరిగాము. కనబడిన కొన్ని వ్రాతలను, వాటి వెనుకనున్న చరిత్రను పాఠకుల ముందుంచుతున్నాము.

ప్రసిద్ధుల ఇళ్ళకు ఫలకాలు అమర్చాలన్న ఆలోచన లండన్ నగరంలో 1866లో రూపుదిద్దుకొన్నది. మరుసటి సంవత్సరమే కవి బైరన్ జన్మించిన ఇంటికి తొలి ఫలకం అమరింది. ఐర్లండు రాజధాని డబ్లిన్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. జేమ్స్ జాయిస్ రచించిన ‘యులిసిస్’ నవలలోని పాత్ర నడిచిన దారి పొడవునా 1988లో కాలిబాటలో కంచు పలకలు పొదిగారు. లేని మనిషి అడుగుజాడలకు ఉన్న నగరం గుర్తులు పెట్టిందన్నమాట! కోల్‌కతాలోనూ పాదాల కింద లోహంతో వ్రాసిన చరిత్ర ఉన్నది. మన నడకను అక్కడి నుండే ఆరంభిద్దాము.

కాలి కింద కోట

1868లో నిర్మాణం పూర్తయిన జనరల్ పోస్టాఫీసు భవనాన్ని దాని ఎత్తయిన తెల్లని గుమ్మటమే పట్టిస్తుంది. ఉత్తరాల కోసం, పొదుపు ఖాతాల కోసం ఎక్కిదిగేవారిలో ఎందరు తలవంచి మెట్లను చూస్తారో గాని, ఆ మెట్ల మీద ఇత్తడి గీతలు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీవారి మొదటి ఫోర్ట్ విలియం కోటకు చెందిన ఆగ్నేయపు బురుజు ఎక్కడ ఉండేదో ఆ గీతలు చూపుతాయని పక్కనే గోడ మీది పాలరాతి ఫలకం తెలుపుతుంది. 1756 జూన్‌లో సిరాజుద్దౌలా పట్టుకొన్నది ఈ కోటనే. ఇప్పుడు మైదానంలో కనబడే కోట ఆ తరువాత కట్టినది.

1757 జనవరిలో కంపెనీ ఆ నగరాన్ని తిరిగి వశపరచుకొన్నది. అందుకోసం క్లైవు మద్రాసు నుండి ఓడలలో సేనను తెచ్చాడు. ఆ సేనలో దక్షిణాది సిపాయిలు వందల సంఖ్యలో ఉన్నారు. దక్షిణం నుండి వచ్చిన ఈ సిపాయిలను బెంగాలులోనూ ఉత్తరాదిలోనూ ‘తెలంగాలు’, ‘తిలంగాలు’ అని పిలిచారు. క్రమంగా ఆ మాటకు కంపెనీ సిపాయి అన్న అర్థమే స్థిరపడిపోయింది. మన జాతి పేరు పరాయి భాషలలో ఒక కొలువుకు పేరుగా మారడం విశేషమే. కోట ఎక్కడ ఉండేదో ఇత్తడి గీత చెబుతున్నది. దానిని తిరిగి తీసుకొన్న తెలంగాల ఊసు ఆ మెట్ల మీద లేదు.

డెబ్బై గజాల దూరంలో

దక్షిణాన పి.జి. ఆస్పత్రి ప్రహరీలో ఒక స్మారక ద్వారం ఉన్నది. సర్జన్ మేజర్ రొనాల్డ్ రాస్ ఈ ద్వారానికి ఆగ్నేయంగా డెబ్బై గజాల దూరంలోని చిన్న ప్రయోగశాలలో, దోమల ద్వారా మలేరియా సంక్రమించే తీరును 1898లో కనుగొన్నాడని దాని సారాంశం. 1927లో జరిగిన ఆవిష్కరణ సభకు రాస్ స్వయంగా హాజరయ్యాడు. గజాలతో సహా ఇంత నిక్కచ్చిగా దారి చూపే ఫలకం మరొకటి మాకు తారసపడలేదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. రాస్ ఆ విషయం కనుగొన్నది సికింద్రాబాదులో కదా! రెండూ నిజమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, రోగిని కుట్టిన దోమను కోసి చూచినపుడు, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి రాస్ కంటబడింది. ఏటా ఆ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటించడానికి కారణం అదే. ఆ భవనం నేటికీ బేగంపేట ప్రాంతంలో ఉన్నది. అక్కడి నుండి బదిలీ అయి, చివరకు కలకత్తా చేరిన రాస్, 1898లో పక్షుల మలేరియాపై ప్రయోగాలు చేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో మరొక ప్రాణిలో ప్రవేశిస్తుందని నిరూపించాడు. అంటే కథలో పూర్వార్ధం మనది, ఉత్తరార్ధం వారిది. ఒక ఊరి ఫలకాన్ని మాత్రమే చదివినవారికి సగం కథే తెలుస్తుంది.

ఆ ఫలకం విడిచిపెట్టినది ఇంకా ఉన్నది. సికింద్రాబాదులో దోమలచేత కుట్టించుకొన్న రోగి పేరు హుసేన్ ఖాన్. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. కలకత్తాలో రాస్‌కు సహాయకుడుగా పనిచేసిన కిశోరీ మోహన్ బందోపాధ్యాయకు 1903లో ఎడ్వర్డ్ చక్రవర్తి పేరిట బంగారు పతకం లభించింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. గజాలను లెక్కపెట్టిన ఆ ఫలకం ఈ ఇద్దరినీ లెక్కపెట్టలేదు.

పుట్టినరోజు లేని నగరం

పోస్టాఫీసుకు సమీపంలోనే సెయింట్ జాన్ చర్చి ఉన్నది. దాని ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి, దానిపై లాటిన్ శాసనం కనబడతాయి. 1690 ఆగస్టు 24న ఇక్కడి సుతానుటి గ్రామం వద్ద దిగిన ఈ కంపెనీ ఉద్యోగియే నగర స్థాపకుడని చిరకాలం పాఠ్యపుస్తకాలు బోధించాయి. సమాధి మీది రాయి మద్రాసు చెంతనున్న పల్లావరం ప్రాంతానిది. భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ శిలాజాతికి చార్నాక్ పేరు మీదనే ‘చార్నొకైట్’ అని నామకరణం చేశాడు. మన తూర్పు కనుమలలో ఈ జాతి రాయి విస్తారంగా ఉన్నది. శ్రీకాకుళం, విశాఖ వైపు కొండలను చూస్తూ పెరిగినవారు, తమకు తెలియకుండానే, ఒక కలకత్తా సమాధి పేరు పెట్టుకొన్న రాతిని చూస్తూ పెరిగారు!

సమాధి స్థిరంగా ఉన్నా, స్థాపకుడన్న బిరుదు మాత్రం నిలువలేదు. నిపుణుల సంఘం నివేదిక ఆధారంగా 2003లో కలకత్తా హైకోర్టు, చార్నాక్ నగర స్థాపకుడు కాడనీ, ఆగస్టు 24 నగర జన్మదినం కాదనీ తీర్పు చెప్పింది. సుతానుటి, గోవిందపూర్, కలికాతా గ్రామాలు అతని రాకకు ముందే ఉన్నాయి. బడా బజారు సందులలోని ఆర్మీనియన్ చర్చికి వెళితే ఇంకొక సాక్ష్యం ఎదురవుతుంది. 1724 నాటి ఆ చర్చి ఆవరణలో రెజాబీబీ అనే ఆర్మీనియన్ స్త్రీ సమాధి ఉన్నది. దాని మీది తేదీని 1630గా చదివారు. ఆ సంఖ్యను కొందరు పండితులు శంకించారు. అది నిజమే అయితే, చార్నాక్ పడవ దిగడానికి అరవై యేండ్ల ముందే అక్కడ వర్తక కుటుంబాలు కాపురమున్నాయి. ఒక రాయి చెప్పిన దానిని మరొక రాయి ప్రశ్నించడం ఈ నగరంలో తరచుగా జరిగే పని.

పేర్లు మారిన దారులు

సెయింట్ జాన్ ఆవరణలోనే ‘బ్లాక్ హోల్’ స్మారక స్తంభం కూడా ఉన్నది. 1756 జూన్ 20 రాత్రి ఇరుకు గదిలో 146 మందిని బంధించగా 123 మంది ఊపిరాడక మరణించారని హాల్వెల్ అనే అధికారి వ్రాశాడు. ఈ లెక్క అతిశయోక్తి అని తరువాతి చరిత్రకారులు పెక్కుమంది తేల్చారు. హాల్వెల్ కట్టించిన స్తంభం శిథిలం కాగా, లార్డ్ కర్జన్ దానిని పాలరాతితో మళ్ళీ డల్హౌసీ స్క్వేరు దగ్గర నిలిపాడు. దానిని తొలగించాలని 1940లో సుభాష్ చంద్ర బోస్ ఉద్యమించి అరెస్టయ్యాడు. అటుపిమ్మట స్తంభం చర్చి ఆవరణకు తరలిపోయింది. స్వాతంత్ర్యానంతరం డల్హౌసీ స్క్వేరు పేరు కూడా పోయి, 1930 డిసెంబరు 8న రైటర్స్ బిల్డింగ్‌లో ప్రవేశించి జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను కాల్చిన వినయ్, బాదల్, దినేశ్ అనే యువకుల పేర బి.బి.డి. బాగ్ అయింది.

వీథి నామాల పలకలు చదవడం కూడా ఒక విద్యాభ్యాసమే. 1964లో షేక్‌స్పియర్ చతుశ్శత జయంతికి థియేటర్ రోడ్డు షేక్‌స్పియర్ సరణి అయింది. ధర్మతల వీథి లెనిన్ సరణి అయింది. అమెరికా కాన్సులేటు ఉన్న హారింగ్టన్ వీథికి వియత్నాం యుద్ధకాలంలో హో చి మిన్ పేరు పెట్టారు. నాటి నుండి అమెరికా దౌత్యాధికారులు తమ చిరునామాలో తమ ప్రత్యర్థి పేరు వ్రాసుకోవలసి వచ్చింది. ఒక్క బాణమైనా వేయకుండా చేసిన యుద్ధమది. ‘సరణి’ అంటే దారి. ఈ సంస్కృత పదం తెలుగులో ‘రచనా సరణి’ అన్నచోట పద్ధతి అన్న అర్థంలో నిలిచి ఉండగా, బెంగాలీలో వీథికి పేరై నిత్యం బస్సు కండక్టర్ల నోట మ్రోగుతున్నది.

గోడలు మాట్లాడే ఋతువు

రాతి ఫలకాలు పెద్దలవి. గోడలు సామాన్యులవి. ఎన్నికలకు నెలల ముందే కోల్‌కతాలో గోడలకు సున్నం పడుతుంది. ఇది ఫలానా పార్టీ స్థలమని, సంవత్సరంతో సహా ఒక మూల వ్రాసి గోడను ముందే కేటాయించుకొంటారు. ఆపైన ప్రాస కలిసే చిన్న పద్యాలు, వ్యంగ్య చిత్రాలు, గుర్తులు వెలుస్తాయి. ఎదుటి గోడ మీది పద్యానికి ఇవతలి గోడ జవాబు చెబుతుంది. మన అవధానాలలో సమస్యాపూరణ గుర్తుకు రాక మానదు. 2006 శాసనసభ ఎన్నికలలో ఎన్నికల సంఘం 1976 నాటి చట్టాన్ని గట్టిగా అమలుపరచడంతో నగరపు గోడలు మూగపోయాయి. తరువాతి ఎన్నికలలో గోడ వ్రాతలు మళ్ళీ తలెత్తాయి. ఇంటి యజమానిని అడగకుండా అతని గోడ మీద వ్రాసే ఆచారాన్ని మేము సమర్థించము. అయితే ఫ్లెక్సీ బోర్డు మీది నాయకుని ముఖచిత్రం కంటె, కుంచె పట్టిన పాడా కుర్రవాని పద్యంలో ఊరి గొంతు ఎక్కువగా వినబడుతుందనడం అసత్యం కాదు.

పాత బస్సుల లోపలి హెచ్చరికలు వేరొక ముచ్చట. ఇంట్లో, బజారులో ‘కొర్‌బేన్ నా’ అనే బెంగాలీలు, బస్సు తగరపు రేకు మీద మాత్రం ‘కరిబేన్ నా’ అని సాధుభాషలో వ్రాసుకొన్నారు. సాహిత్యం విడిచిన గ్రాంథికం బస్సులో కూర్చున్నదన్నమాట! మనం నవ్వవలసిన పని లేదు. ‘పొగ త్రాగరాదు’ అని మన ఆర్టీసీ బస్సు చెప్పినట్లు మనలో ఎవరమైనా ఇంట్లో మాట్లాడుతున్నామా?

మన ద్వారం వద్ద

ఈ నడకల వలన మాకు బోధపడినది ఒకటే. ఫలకం సత్యాన్ని చెక్కినది కాదు. ఎవరు చెక్కించారో వారి వాదాన్ని చెక్కినది. దానికి జవాబు చెప్పే రాయి మరొక వీథిలో ఉండవచ్చు. అసలు రాయే లేని పేర్లూ ఉండవచ్చు.

ఈ దృష్టితో మన కర్మాగారాల ద్వారాల వద్ద నిలిచి చూద్దాము. శంకుస్థాపన ఫలకం మీద ప్రారంభించినవారి పేరు, పదవి, తేదీ ఉంటాయి. వాటిని తప్పక కాపాడుకోవలసిందే. కాని ఆ రాయి కింద పునాది తవ్వినవారెవరు? ఆ స్థలంలో పూర్వం ఉన్న పల్లె పేరేమిటి? తొలి షిఫ్టులో యంత్రం నడిపినవారెవరు? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పగల పెద్దలు ఏటేటా పదవీ విరమణ చేసి వెళ్ళిపోతున్నారు. పాఠకులు తమ యూనిట్లలోని పాత ఫలకాలను ఫొటో తీసి, ఫలకం మీద లేని పేర్లను పెద్దలను అడిగి వ్రాసుకొని ఈ పత్రికకు పంపగోరుతున్నాము. దోమకు ఒక అణా తీసుకొన్న హుసేన్ ఖాన్ పేరు ఇవాళ మనకు తెలుస్తున్నదంటే, ఆనాడు ఎవరో కాగితం మీద వ్రాసిపెట్టడం వల్లనే.