ఇంజను నెత్తిన ఏతాలు

సమానమైన ఎత్తు గల రెండు పుస్తకాల దొంతరలను బల్లమీద పెట్టి, వాటి మధ్య ఒక పెన్సిలును వంతెనలాగా పరచండి. 30 సెంటీమీటర్ల స్కేలును పెన్సిలు మీద అడ్డంగా ఉంచి, 12 సెం.మీ. గీత సరిగ్గా పెన్సిలుపై ఆనేటట్లు పట్టుకోండి. ఇప్పుడు పొట్టి కొసను 2 సెం.మీ. కిందికి నొక్కండి. పొడుగు కొస ఎంత పైకి లేచింది? 3 సెం.మీ. కదూ!

పెన్సిలుకు ఒకవైపు 12, రెండోవైపు 18 సెం.మీ. ఉన్నాయి. 18ని 12తో భాగిస్తే 1.5. కదలిక కూడా సరిగ్గా అన్ని రెట్లే పెరిగింది. ఇలాంటి సాధనాన్నే లీవరు అంటారు. వెనకటి రోజుల్లో మన పొలాలకు నీళ్లు తోడిన ఏతం కూడా లీవరే.

ట్రక్కు ఇంజను నెత్తిన కూడా ఇలాంటి చిన్న ఏతాలు వరుసగా ఉంటాయి. వాటి పేరు రాకర్ ఆర్ములు. అమెరికాలో షెవర్లే సంస్థ 1955లో ‘స్మాల్ బ్లాక్’ అనే ఎనిమిది సిలిండర్ల ఇంజనును తెచ్చింది. ఇది కార్లతోపాటు పికప్ ట్రక్కులలోనూ వచ్చింది. ఒక్కో సిలిండరుకు రెండు వాల్వులు: ఒకటి గాలీ ఇంధనమూ లోపలికి రావడానికి, ఇంకొకటి కాలిన వాయువు బయటికి పోవడానికి. అంటే మొత్తం 16 వాల్వులు, 16 రాకర్ ఆర్ములు.

ఇంజను మధ్యలో కామ్ షాఫ్టు తిరుగుతుంది. దానిమీది ఉబ్బు, పుష్ రాడ్ అనే సన్నని కడ్డీని పైకి నెడుతుంది. కడ్డీ రాకర్ ఆర్మ్ ఒక కొసను ఎత్తుతుంది. రెండో కొస కిందికి దిగి వాల్వును తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు వాల్వును మళ్లీ మూసేస్తుంది. ఇంజను నిమిషానికి 4,000 సార్లు తిరుగుతుంటే ప్రతి వాల్వూ సెకనుకు 33 సార్లు తెరుచుకుని మూసుకుంటుందన్నమాట!

ఈ ఇంజనుకు సంస్థ బిగించిన రాకర్ ఆర్ముల నిష్పత్తి 1.5, మన స్కేలు నిష్పత్తే. పాత పికప్ ట్రక్కులను స్వయంగా బాగుచేసుకునేవారు అక్కడ చాలామంది. వారికోసం ఇతర సంస్థలు 1.6 నిష్పత్తి గల రాకర్ ఆర్ములు అమ్ముతాయి. ఏది కొనాలి? పెద్ద అంకె ఉన్నదే మంచిదని తొందరపడవద్దు. ముందు లెక్క కడదాం.

కామ్ ఉబ్బు పుష్ రాడ్‌ను 6.6 మి.మీ. ఎత్తుతుందనుకోండి. 1.5 రాకరుతో వాల్వు 9.9 మి.మీ. తెరుచుకుంటుంది. 1.6 రాకరుతో 10.56 మి.మీ. తేడా 0.66 మి.మీ., సుమారు మూడు పోస్టుకార్డుల మందం! ద్వారం ఎక్కువ తెరుచుకుంటే గాలి ఎక్కువ వస్తుంది, శక్తి కొంత పెరుగుతుంది.

కాని లీవరు ఏదీ ఊరికే ఇవ్వదు. కదలిక ఎన్ని రెట్లు పెరిగితే వేయవలసిన బలం అన్ని రెట్లు పెరుగుతుంది. వాల్వు స్ప్రింగు 100 కిలోల బలంతో ఎదురు నెడుతుంటే, 1.5 రాకరు కింద పుష్ రాడ్ 150 కిలోల బలం మోయాలి. 1.6 రాకరు కిందనైతే 160 కిలోలు. ఆ భారం చివరకు కామ్ షాఫ్టు మీదే పడుతుంది.

అంతేకాదు, వాల్వు ఇంకా కిందికి దిగినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకోకూడదు. వాల్వు తల, పైకి వచ్చే పిస్టనుకు తగలకూడదు. తగిలితే వాల్వు వంగిపోతుంది, ఇంజనే పాడవుతుంది. మరొక చిక్కు ఉంది. నిష్పత్తి పెంచడానికి పుష్ రాడ్ ఆనే గుంటను ఆధారానికి కాస్త దగ్గరగా జరుపుతారు. అప్పుడు పుష్ రాడ్ తాను దూరే రంధ్రం అంచుకు రాసుకోవచ్చు. కనుక బిగించిన తరువాత ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పి ఇవన్నీ పరీక్షించాలి.

వాల్వు ఎక్కువ తెరుచుకోవడం వల్ల కలిగే లాభం ముఖ్యంగా ఇంజను అతివేగంగా తిరిగేటప్పుడే కనిపిస్తుంది. బరువులు లాగే ట్రక్కు ఎక్కువసేపు నడిచేది మధ్యరకం వేగంతో. అందువల్ల అలాంటి ట్రక్కుకు మునుపటి 1.5 నిష్పత్తే చాలు. కొసన చిన్న చక్రం ఉన్న రకం తీసుకుంటే వాల్వు కొనమీద రాపిడి తగ్గుతుంది. ఉక్కు, అల్యూమినియం రెండింటితోనూ రాకర్లు చేస్తారు. అల్యూమినియం తేలికే, కాని కోట్లసార్లు వంగే భాగానికి, బలం ఒక హద్దులో ఉన్నంతవరకు, ఉక్కు ఎక్కువకాలం ఓర్చుకుంటుంది.

ఇక కవరు సంగతి. ఈ ఏతాలన్నిటినీ మూసి ఉంచే మూత వాల్వు కవరు. మన మెకానిక్కులు దీన్ని ట్యాపెట్ కవరు అంటారు. లోపల చిమ్మే నూనె బయటికి రాకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా కాపాడడం దీని పని. చక్రాల రాకర్లు సాధారణంగా పాతవాటికన్నా ఎత్తుగా ఉంటాయి. పాత మూత వాటికి తగలవచ్చు. తగులుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. రాకర్ల నెత్తిన మెత్తని బంకమట్టి ముద్దలు పెట్టి, మూత బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పుతారు. మూత తీసి, నొక్కుకుపోయిన మట్టి మందం కొలుస్తారు. అదే మిగిలిన సందు!

ఎత్తయిన మూత కొంటే సరిపోదా? సరిపోదు. బోల్టుల చోటు కలవాలి. 1986 వరకు ఈ ఇంజను మూతకు బోల్టులు అంచు చుట్టూ ఉండేవి. 1987 నుంచి మధ్య వరుసలోకి వచ్చాయి. ఒకదాని మూత మరొకదానికి నప్పదు. ఇంకా, ఆవిరిని పీల్చే గొట్టం దగ్గర మూత లోపల ఒక అడ్డురేకు ఉండాలి. మెరుగు చూసి అది లేని మూత కొంటే, నూనె తుంపరలు కూడా ఆ గొట్టంలోకి పోయి సిలిండర్లలో కాలిపోతాయి. పొగగొట్టం నుంచి నీలిపొగ వస్తుంది, నూనె తరిగిపోతుంది.

చూశారా! ఒక లీవరు కొలత ఇసుమంత మారితే కింది కామ్ షాఫ్టు నుంచి పై మూతదాకా అన్నిటినీ మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మీ స్కేలును పెన్సిలుపై 12 నుంచి 11.5 సెం.మీ. గీతకు జరపండి. నిష్పత్తి ఎంతయింది? పొట్టి కొసను 2 సెం.మీ. నొక్కితే పొడుగు కొస ఎంత లేస్తుంది? ముందు లెక్క కట్టండి, తరువాత కొలవండి.