గొంతును నిలుపు యంత్రము

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ ప్రాంతము పాటకు పేదది కాదు. కర్ణాటక, మహారాష్ట్రముల సరిహద్దులు చేరువగా నుండుటచే తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినవచ్చును. తండాలలో లంబాడీ పాట సరేసరి. బతుకమ్మ పాటలు, భజన కీర్తనలు, పెండ్లిపాటలు, నాట్లనాటి పదములు ఇప్పటికిని పెద్దల నాలుకలపై నున్నవి. ఆ పెద్దలు మాత్రము ఒకరొకరుగా వెడలిపోవుచున్నారు. కావున పల్లెలోని ఉపాధ్యాయుడో, విద్యార్థియో తన యింటి అవ్వ గొంతును పట్టి యుంచుకొనవలెనని తలచుట విలాసము కాదు. అయితే ఏ మైకు కొనవలెను, ఎంత వ్యయము చేయవలెను అన్నచో పదిమంది పది మాటలు చెప్పుదురు. అంగడివాడు పదునొకండవ మాట చెప్పును.

బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినది. అట్టి పరిశోధకుల శ్రమవలననే మన పల్లెపదములకు విద్వల్లోకమున స్థానము లభించినది. కాని కాగితము పదమును పట్టునంతగా బాణీని పట్టలేదు. ఎచ్చట ఊపిరి తీసినది, ఏ అక్షరమును సాగదీసినది, వంత పాడువారు ఎప్పుడు అందుకొన్నది లిపికి అందవు. వాని కొరకు యంత్రము కావలెను. 1933లో అమెరికాలో జాన్ లోమాక్సు, ఆయన కుమారుడు ఆలన్ లోమాక్సు జానపద గేయముల సేకరణకై బయలుదేరినపుడు కారులో మోసికొనిపోయిన ధ్వనిలేఖన యంత్రము 315 పౌనులు, అనగా నూటనలువది కిలోలకు పైబడిన బరువు. నేడు అంతకు మిన్నయైన యంత్రము చొక్కాజేబులో పట్టుచున్నది.

ఆ జేబులోని ఫోనుతోనే ఆరంభించుట మంచిది. దానిలో ఒక చిక్కున్నది. ఫోను మాటలకొరకు నిర్మింపబడినది గనుక మెల్లని ధ్వనిని తనంత తాను పెంచి, పెద్ద ధ్వనిని తగ్గించును. డప్పు దెబ్బ పడగానే గాయకుని గొంతు క్రుంగును. దెబ్బ ఆగగానే గది రొద పైకి లేచును. ధ్వనిస్థాయిని మన చేతితో సవరింపనిచ్చు ఉచిత అనువర్తనములు లభించును. వానిని వాడినచో ఈ దోషము చాలవరకు తొలగును. ఆ పిమ్మట వేయి రూపాయల అటునిటుగా లభించు, చొక్కాకు తగిలించు చిన్న మైకును కొనవచ్చును. అది సాధారణముగా ఎలక్ట్రెట్ జాతిది. 1962లో బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్టు, గెర్హార్డ్ సెస్లర్ అను శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఈ పద్ధతిలో, విద్యుదావేశమును శాశ్వతముగా నిలుపుకొన్న పలుచని పొర ధ్వనికి కంపించును. మైకు చౌకయై సామాన్యుని చేతికి వచ్చినది ముఖ్యముగా ఈ ఆవిష్కారము వలననే.

మరికొంత ధనమున్నవారికి రెండు త్రోవలు గలవు. డైనమిక్ మైకులో అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలును. అది మొరటుది, దెబ్బలకు ఓర్చును, దూరపు రొదను అంతగా పట్టదు. 1966లో వచ్చిన ష్యూర్ ఎస్.ఎం. 58 ఈ జాతిదే; అరువది యేండ్లు కావచ్చినను సభావేదికలపై దాని గిరాకి తగ్గలేదు. కండెన్సరు మైకు సున్నితమైనది. గొంతులోని సన్నని జీరను కూడ పట్టును. దానితోపాటు వీధిలోని ఆటో మోతను, వంటింటి కుక్కరు ఈలను పట్టును. రోడ్డు ప్రక్క యింటిలో పాడువారికి డైనమిక్కే మేలు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ‘స్టూడియో కిట్టు’ అను పేర కడ్డీ, నురుగుతొడుగు, తీగ అన్నియు చేర్చి వేయి, వేయిన్నర రూపాయలకు అమ్ముచున్న కండెన్సరు మైకులు చూచుటకు ఘనముగా నుండును. కండెన్సరు మైకునకు సామాన్యముగా 48 వోల్టుల విద్యుత్తు బయటినుండి అందవలెను. కిట్టుతో వచ్చిన తీగను నేరుగా కంప్యూటరు రంధ్రములో గ్రుచ్చినచో గొంతు నూతిలోనుండి వచ్చినట్లుండి, పైన చిమ్మెట రొద వినవచ్చును. ఆ విద్యుత్తు నిచ్చి, ధ్వనిని అంకెలుగా మార్చు పెట్టెను ఇంటర్ఫేసు అందురు. దాని వెల కూడ కలుపుకొనియే లెక్క వేయవలెను. అంత భారము వలదనువారు నేరుగా యు.ఎస్.బి. తీగతో పనిచేయు మైకును కొనవచ్చును.

అయినను మైకు వెలకంటె గది స్వభావము ముఖ్యము. ఈ సంగతి నెవరును నమ్మరు, విని చూచినగాని. సిమెంటు గోడలు, స్లాబు, నున్నని బండలు గల క్రొత్తయింటిలో ధ్వని గోడనుండి గోడకు తగిలి ఖంగుమనును; ఎంత గొప్ప మైకైనను ఆ ఖంగును గూడ పట్టును. పాతకాలపు మట్టిగోడల పెంకుటిల్లు ఈ పనికి ఎంతయో అనుకూలము. అది లేనివారు దూది బొంతలను, గొంగళ్లను పాడువారి వెనుకను ప్రక్కలను వ్రేలాడదీసినచో చాలును. పత్తి పండు నేలలో దూదికి కరవా! పరుపులు పేర్చిన గది, బట్టలు నిండిన బీరువా తలుపు తెరచిన మూల, ఇవియే పేదవాని స్టూడియోలు. ఫ్యాను ఆపవలెను, ఫ్రిజ్ ఆపవలెను. (తిరిగి వేయుట మరువరాదు, ఇంటి ఇల్లాలి సహకారము ముందుకాలమునకు కూడ అవసరము.) మైకు నోటికి జానెడు దూరములో, కొంచెము ప్రక్కగా నుండవలెను. దూరము రెట్టింపైనచో నేరుగా వచ్చు ధ్వని 6 డెసిబెల్సు తగ్గును; గది మోత మాత్రము తగ్గదు. ప, బ, భ అక్షరముల ఊపిరి దెబ్బకు పలుచని బట్ట అడ్డు చాలును.

ఒకే దిక్కు వినెడి మైకు ఒంటి గొంతునకు మంచిది. బతుకమ్మ పాటకు పనికిరాదు. అది వలయములో తిరుగుచు చప్పట్లతో పాడునది. ఎదుట నున్నవారు వినబడి, వెనుకనున్నవారు మాయమగుదురు. అన్నివైపుల సమముగా వినెడి మైకును వెదురుకఱ్ఱకు కట్టి, నడుమ పూలపేర్పునకు పైన నిలిపినచో వంత పాడువారి గొంతులన్నియు నిండుగా వచ్చును. ఆరుబయట గాలికి నురుగుతొడుగు తప్పదు. చప్పట్ల జోరుకు ధ్వని చిట్లకుండ స్థాయిని ముందే కొంత తగ్గించి యుంచవలెను. తగ్గినదానిని తరువాత పెంచవచ్చును గాని చిట్లినదానిని అతుకలేము.

పట్టిన పాటను కుదించని వేవ్ రూపముననే దాచవలెను. 44,100 నమూనాలు, 16 బిట్ల పద్ధతిని రెండు మార్గముల ధ్వని నిమిషమునకు రమారమి 10 మెగాబైట్లగును. గంట పాట చిన్న కార్డులో సులభముగా పట్టును. పంపుకొనుటకు ఎం.పి.3 ప్రతిని వేరుగా తీయవచ్చును, కాని దానినుండి తొలిధ్వనిని తిరిగి రాబట్టలేము. కత్తిరింపులకు ఆడాసిటీ అను ఉచిత సాధనము చాలును. ప్రతులు రెండుచోట్ల నుండవలెను; ఫోను పోయినచో పాటయు పోవును.

మరియొక పని యంత్రముతో సంబంధము లేనిది. పాట ఎత్తుకొనుటకు ముందే అవ్వచేత తన పేరు, ఊరు, ఆ పాట ఎవరివద్ద నేర్చినది, నాటి తేదీ ఆమె గొంతుతోనే చెప్పింపవలెను. పదిమందికి వినిపింతుమా యని ఆమెను అడుగవలెను. పట్టిన పాటను మొట్టమొదట ఆమెకే వినిపింపవలెను. ఒక చరణము తప్పినదని ఆమె యన్నచో మైకును తిరిగి జానెడు దూరమునకు జరుపవలెను.