బాక్టీరియాల సమష్టి జీవనం – జన్యు నియంత్రణ

ఈ భాగం చదివిన తరువాత బాక్టీరియా కణాలు గుంపుగా ఎలా కదులుతాయో, గుంపుగా ఎలా రూపం మార్చుకుంటాయో, వాటిని ఏ జన్యువులు నియంత్రిస్తాయో మీరు వివరించగలుగుతారు.

1. గుంపుగా బతికే ఏకకణ జీవులు

బాక్టీరియా ఏకకణ జీవి అని మీకు తెలుసు. అయినా చాలా బాక్టీరియాలు ఒంటరిగా బతకవు. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ నేలలో ఉండే మిక్సోకాకస్ జాంథస్. దీనికి కశాభాలు లేవు. ఉపరితలంపై జారుతూ కదులుతుంది. 1979లో జోనథన్ హాడ్జ్‌కిన్, డేల్ కైజర్ దీని చలనంలో రెండు విధానాలను వివరించారు. మొదటిది ఒంటరి కణాన్ని కూడా కదిలిస్తుంది. రెండవది పక్కన ఇతర కణాలు ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఎంజిఎల్ఎ అనే జన్యువు దెబ్బతింటే రెండూ ఆగిపోతాయి.

ఆహారం కరువైనప్పుడు సుమారు లక్ష కణాలు ఒకచోట చేరి ఫలనాంగంగా ఏర్పడతాయి. అందులో కొన్ని కణాలు సిద్ధబీజాలుగా మారతాయి. చాలా కణాలు చనిపోతాయి. సిఎస్‌జిఎ జన్యువు లోపించిన కణాలు తమంతట తాము సిద్ధబీజాలుగా మారలేవు. మామూలు కణాలతో కలిపితే మాత్రం మారతాయి. కాబట్టి వాటికి సిద్ధబీజంగా మారే శక్తి ఉంది. పొరుగు కణం నుంచి అందవలసిన సంకేతమే లేదు.

2. కోరం సెన్సింగ్

గ్రామసభ అయినా, మాదాపూర్‌లోని అపార్ట్‌మెంట్ సంఘం సమావేశమైనా కోరం నిండితేనే తీర్మానం చెల్లుతుంది. బాక్టీరియాలలో హాజరు పట్టీ పని సంకేత అణువులు చేస్తాయి. ప్రతి కణం వాటిని కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. కణాల సంఖ్య పెరిగితే అణువుల గాఢత పెరుగుతుంది. అది ఒక స్థాయి దాటగానే కణాలలో కొత్త జన్యువులు పనిచేయడం మొదలవుతుంది. దీనినే కోరం సెన్సింగ్ అంటారు.

జాంథోమోనాస్ బాక్టీరియాలలో ఈ సంకేతం డిఎస్ఎఫ్ అనే కొవ్వు ఆమ్లం. ఆర్‌పిఎఫ్ఎఫ్ జన్యువు దాని తయారీకి అవసరం. ఆర్‌పిఎఫ్‌సి ప్రోటీన్ దానిని గుర్తిస్తుంది. ఆర్‌పిఎఫ్‌జి ప్రోటీన్ కణంలోని సైక్లిక్ డై-జిఎంపిని విచ్ఛిన్నం చేస్తుంది. ఈ అణువు ఎక్కువగా ఉంటే కణాలు అతుక్కుని ఉంటాయి. తగ్గితే విడివడి కదలడానికి అనుకూలిస్తుంది.

3. హైదరాబాద్ పరిశోధన: వరిలో ఎండాకు తెగులు

జాంథోమోనాస్ ఒరైజే ఆకు అంచులలోని నీటి రంధ్రాల ద్వారా, గాయాల ద్వారా వరి మొక్కలో ప్రవేశించి, దారునాళాలలో వృద్ధి చెందుతుంది. ఆకులు అంచుల నుంచి ఎండిపోతాయి. మనం ఇష్టంగా తినే సాంబమసూరి ఈ తెగులుకు తేలికగా లొంగుతుంది.

హైదరాబాద్‌లోని సిసిఎంబిలో సుభదీప్ చటర్జీ, రమేష్ సొంటి ఈ బాక్టీరియాలో ఆర్‌పిఎఫ్ఎఫ్ లోపించిన ఉత్పరివర్తకాలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఆ కణాలకు తెగులు కలిగించే శక్తి తగ్గింది. ఇనుము తక్కువగా ఉన్నచోట అవి సరిగా పెరగలేకపోయాయి. క్యాబేజీపై పెరిగే జాంథోమోనాస్‌లో ఇదే జన్యువు లోపిస్తే మొక్క కణజాలాన్ని కరిగించే ఎంజైములు తగ్గుతాయి. వరి బాక్టీరియాలో అలా తగ్గలేదు. అంటే ఒకే సంకేతాన్ని దగ్గరి బంధువులు కూడా వేర్వేరు పనులకు వాడుకుంటాయి.

రైతుకు దీనివల్ల ఏమి ప్రయోజనం? సిసిఎంబి, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను సాంబమసూరిలోకి చేర్చిన మెరుగైన రకం 2008లో విడుదలైంది. అది మొక్కకు రక్షణ కల్పించే మార్గం. అయితే బాక్టీరియా మార్పు చెంది నిరోధక జన్యువులను తప్పించుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల, బాక్టీరియాను చంపకుండా వాటి మధ్య సంకేతాన్ని అడ్డుకోవడం రెండవ మార్గంగా పరిశోధకులను ఆకర్షిస్తోంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సిఎస్‌జిఎ లోపించిన కణాలను మామూలు కణాలతో కలిపితే ఏమి జరుగుతుంది? ఎందుకు?
2. ఆర్‌పిఎఫ్ఎఫ్ లోపించిన కణాలకు, ఆర్‌పిఎఫ్‌సి లోపించిన కణాలకు బయటి నుంచి డిఎస్ఎఫ్ అందిస్తే ఏవి స్పందిస్తాయి? కారణం రాయండి.