పరీక్షలో లేని పాఠం

ఉద్యోగంలో కుదురుకున్నాక, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ కళాశాల చదువుకు వచ్చేవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఈ వయసులో పట్టా ఎందుకు?" రాష్ట్రేతర తెలుగు విద్యార్థులు దీనికి జవాబు కోసం దూరం పోనక్కరలేదు. నేడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సాగించిన చదువును చూస్తే చాలు.

1863లో పుట్టిన గిడుగువారు 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. బడి పని చేసుకుంటూనే ఇంటివద్ద సొంతంగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1894లో బి.ఏ. మొదటి రెండు భాగాలు, 1896లో మూడో భాగం పూర్తిచేశారు. ఉద్యోగంలో చేరాక పట్టా చేతికి రావడానికి పదహారేళ్లు పట్టిందన్నమాట. ఆ పట్టా ఆయనకు కళాశాల తరగతుల్లో పాఠం చెప్పే అర్హతనిచ్చింది.

కాని ఆయనను నిలువునా పట్టుకున్న చదువు ఏ పరీక్షలోనూ లేదు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష అది. సవర ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో చుట్టరికం లేదు. అప్పటికి దానికి సొంత లిపి లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకొని, ఒక్కొక్క మాటే విని రాసుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించేనాటికి ఆయన వయసు డెబ్బైకి దగ్గరపడింది.

పుస్తకాలు లేని భాషకు నోటిమాటే ఆధారం. నలభై దాటాక వ్యావహారిక భాషోద్యమానికి పూనుకున్న గిడుగువారు తెలుగునూ ఇదే చెవితో విన్నారని మేము భావిస్తున్నాము. పట్టా కోసం మొదలైన అలవాటు ఇలా తెలుగు రాత తీరునే మార్చింది.

నేడు దారులు సులువయ్యాయి. 1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఉద్యోగం మానకుండా చదువుకొనే వీలు అలా ఏర్పడింది.

తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ బడుల్లో చదివి, తెలుగును ఇంటిమాటగానే ఎరిగినవారు మనలో ఎందరో. అది "తప్పు తెలుగు" అని సిగ్గుపడి తరగతి బయట వదిలి రాకండి. హోసూరులోనో, షోలాపురంలోనో, బరంపురంలోనో మీ అవ్వ వాడే మాటలు రోజుకు పది రాసి, నిఘంటువుతో పోల్చి చూడండి. అందులో దొరకని మాటల దగ్గర మీ సొంత పరిశోధన మొదలుపెట్టవచ్చు.