జాకీకి గ్రీజు ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు?

యూట్యూబ్‌లో మోటార్‌హోమ్ వీడియోలు చూసేవాళ్లకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. బండి ఆపి ఒక బటన్ నొక్కుతారు. కింద నాలుగు జాకీలు దిగుతాయి, కాసేపటికి బండి లెవెల్‌గా నిలబడుతుంది. దీంట్లో ఉండేది మన ఫోన్‌లో స్క్రీన్ తిప్పే సెన్సార్ లాంటిదే. ఏ మూల పల్లంగా ఉందో అది చెప్తుంది, కంట్రోలర్ ఆ మూల జాకీని నడిపిస్తుంది. రివ్యూలన్నీ ఆ బటన్ దగ్గరే ఆగిపోతాయి. కానీ మెయింటెనెన్స్ అడిగేది సెన్సార్ కాదు, కింద దుమ్ములో వేలాడే ఇనుప కడ్డీ.

మా తిరువూరు వైపు మోటార్‌హోమ్ కనపడటం అరుదు గానీ ఈ జాకీల్ని అందరూ చూసే ఉంటారు, బోరు లారీకి. తిరుచెంగోడు రిగ్గు చేలోకి రాగానే ముందు చేసే పని జాకీలు దించడం, వాటి కింద చెక్క దిమ్మెలు వేయడం. లారీ వాలుగా ఉంటే బోరు కూడా వాలుగానే దిగుతుంది, తర్వాత మోటారు దించేటప్పుడు తంటా. సినిమా షూటింగ్ కారవాన్లకి వేసేదీ, మీ కారు డిక్కీలో ఉన్నదీ ఇదే కుటుంబం. కాబట్టి కింద చెప్పేది చాలావరకు అన్నిటికీ పనికొస్తుంది.

ముందు మీ జాకీ ఆయిల్‌తో లేస్తుందా, స్క్రూతో లేస్తుందా చూసుకోండి. రెంటికీ ఒకే గ్రీజు డబ్బా తెరిస్తే వచ్చే నష్టం ఎక్కువ.

హైడ్రాలిక్ జాకీలో మెరుస్తూ బయటికొచ్చే కడ్డీకి గ్రీజు రాయొద్దు. "గ్రీజు ఉంటే తుప్పు పట్టదు కదా" అనిపిస్తుంది. కానీ మన ఎర్రమట్టి, బోరు వేసేటప్పుడు లేచే రాతిపొడి ఆ జిడ్డుకి అంటుకుంటాయి. కడ్డీ లోపలికి పోయేటప్పుడు మూతి దగ్గరున్న రబ్బరు సీల్ ఆ ఇసుకని పూర్తిగా తుడవలేదు. ఇసుక సీల్‌ని కోస్తుంది, కడ్డీ మీద గీతలు పెడుతుంది. తర్వాత ఆ గీతల్లోంచి ఆయిల్ చెమట పట్టినట్టు కారుతుంది. చేయాల్సింది చిన్న పని: జాకీ పైకి లాగే ముందు మెత్తటి గుడ్డతో కడ్డీ తుడవడం, అవసరమైతే కొద్దిగా డ్రై సిలికాన్ స్ప్రే కొట్టడం. ఎండాక జిడ్డు మిగలదు కాబట్టి దుమ్ము అంటుకోదు. వాడకం లేనప్పుడు కడ్డీని పూర్తిగా లోపలికి పంపండి. వానలో వారాల తరబడి బయట ఉంటే చిన్న చిన్న తుప్పు గుంటలు పడతాయి, అవి ఎంత తుడిచినా పోవు.

ఆయిల్ లెవెల్ చూసేది కూడా జాకీలన్నీ లోపలికి వెళ్లాకే. జాకీలు దిగి ఉన్నప్పుడు ఆయిల్ సిలిండర్లలో ఉంటుంది, ట్యాంకు సగం ఖాళీగా కనిపిస్తుంది. తక్కువైందని అప్పుడు నింపితే, జాకీలు పైకి లేచాక ఆ ఎక్కువ ఆయిలంతా పొంగి రోడ్డు మీద పోతుంది. ఏ ఆయిల్ అనేది మాన్యువల్ చూసి పోయండి. కొన్ని మోటార్‌హోమ్ సిస్టమ్స్ గేర్‌బాక్స్ ఏటీఎఫ్ అడుగుతాయి, బాటిల్ జాకీలకి హైడ్రాలిక్ ఆయిల్. బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దే వద్దు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్‌తో చేసినవి, మినరల్ ఆయిల్ కోసం పెట్టిన రబ్బరు సీళ్లు వాటికి ఉబ్బి పాడైపోతాయి.

స్క్రూ జాకీకి మాత్రం గ్రీజు కావాల్సిందే. డిక్కీలో స్టెప్నీ పక్కన ఏళ్ల తరబడి పడి ఉండే సిజర్ జాకీ ఇదే. వైర్ బ్రష్, కొంచెం కిరోసిన్‌తో పాత గడ్డ గ్రీజు తీసేయండి. తడి ఆరాక స్క్రూ పొడవునా పల్చగా లిథియం గ్రీజు, నాలుగు కీళ్ల దగ్గర రెండేసి చుక్కల ఇంజన్ ఆయిల్. బరువు లేకుండా ఒకసారి పూర్తిగా పైకీ కిందకీ తిప్పండి, సమానంగా సర్దుకుంటుంది. చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టి అయిపోయింది అనుకుంటారు. ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తోసేయడం. తుప్పు వదిలించడానికి బాగుంటుంది, కానీ స్క్రూ మీద గ్రీజులా నిలబడదు.

జాకీ మెల్లగా దిగిపోతోందని అనుమానం వస్తే ఫోన్ చాలు. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోనే లెవెల్ ఉంది, ఆండ్రాయిడ్‌కి ప్లే స్టోర్‌లో బబుల్ లెవెల్ యాప్స్ బోలెడు. ఫోన్‌ని వెల్లకిలా పెట్టొద్దు, కెమెరా బంప్ వల్లే డిగ్రీ తేడా చూపిస్తుంది. పక్క అంచు మీద నిలబెట్టండి. ఈరోజు రీడింగ్ రాసుకుని రేపు అదే టైమ్‌కి మళ్లీ చూడండి. అదే టైమ్ ఎందుకంటే రాత్రి చల్లబడితే ఆయిల్ కుంచించుకుని జాకీ కాస్త దిగడం మామూలే. అదే టైమ్‌కీ తేడా వస్తూ, రోజురోజుకీ పెరుగుతుంటే లీకు ఉన్నట్టే. సీల్ కావచ్చు, వాల్వ్‌లో చెత్త కావచ్చు, మెకానిక్‌కి చూపించాలి.

ఇంకోటి. లెవెలింగ్ జాకీ బండిని సమంగా ఉంచడానికి, కింద దూరి పని చేయడానికి కాదు. తయారీదారులు కూడా ఈ హెచ్చరిక ఇస్తారు. సీల్ ఒక్కసారిగా పోతే తప్పుకునే టైమ్ ఉండదు. కారైనా, లారీ అయినా కిందకి వెళ్లాలంటే చక్రాలకి అడ్డు పెట్టి, బండి బరువుకి సరిపడే జాక్ స్టాండ్లు వేసి, బరువు వాటి మీద కూర్చున్నాకే వెళ్లండి. నల్లరేగడి చేలో అయితే వాటి కింద కూడా వెడల్పాటి చెక్క ఉండాలి, ముఖ్యంగా వాన పడిన మర్నాడు.